గెలిచినవాడూ ఏడ్చే యుద్ధం ఎందుకు మొదలవుతుంది?

ఎక్కడైనా యుద్ధం మొదలైందంటే చాలు, మన ఫోన్లలోకి రెండు రకాల మెసేజ్‌లు వచ్చి పడతాయి. ఒకటి: "ఆ దేశాధినేతకి పిచ్చి పట్టింది." రెండోది: "అంత పెద్ద దేశంతో పెట్టుకోవడం ఎందుకు? ఆ చిన్న దేశం కాస్త తగ్గి ఉంటే గొడవే ఉండేది కాదు కదా!"

రెండూ వినడానికి బాగానే ఉంటాయి. ఫార్వర్డ్ చేయడం ఇంకా తేలిక. కానీ ఒక్క నిమిషం ఆగి చూడండి. నిజంగా పిచ్చివాడైతే నెలల ముందు నుంచి సైన్యాన్ని సరిహద్దుకు తరలించడం, చర్చల పేరుతో టైమ్ లాగడం, సాకు సిద్ధం చేసుకోవడం... ఇదంతా అంత పద్ధతిగా ఎలా చేస్తాడు? ఇక తగ్గితే పోయేదైతే, ఆ చిన్న దేశంలో ఉన్నవాళ్లకు ఆ మాత్రం తెలియదా? బాంబులు పడేది వాళ్ల ఇళ్ల మీదే కదా!

అందుకే ఈ వారం కోపాన్నీ జాలినీ కాసేపు పక్కన పెట్టి, వడ్డీ వ్యాపారి చూసినట్టు లెక్క చూద్దాం. దీనికి చదువుకున్నవాళ్లు పెట్టిన పేరు రేషనల్ చాయిస్ థియరీ. ఇక్కడ రేషనల్ అంటే మంచివాడని కాదు. తెలివైనవాడనీ కాదు. తనకేం కావాలో తనకు తెలుసు, ఉన్న దారుల్లో తనకు ఎక్కువ కలిసొస్తుందనుకున్నది ఎంచుకుంటాడు. అంతే.

ముందు గట్టు తగాదా

కోర్టు కేసుల గురించి మన ఊళ్లలో ఓ మాటుంది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట. ప్లీడరు ఫీజులు, వాయిదాలు, బస్సు చార్జీలు, పోయిన పని రోజులు అన్నీ కలిపితే, గెలిచిన భూమి ఖరీదు కంటే పెట్టిన ఖర్చే ఎక్కువ తేలుతుంది. ఈ సంగతి ఇద్దరికీ ముందే తెలుసు. అయినా కోర్టుకెళతారు. ఎందుకు?

అమెరికా రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ ఫియరన్ 1995లో దేశాల మధ్య యుద్ధాల గురించి సరిగ్గా ఇదే ప్రశ్న వేశాడు. యుద్ధం ఇద్దరికీ నష్టమే. అలాంటప్పుడు కొట్టుకోకముందే ఇద్దరికీ లాభసాటి అయిన బేరం ఒకటి ఎప్పుడూ ఉండాలి కదా, మరి అది ఎందుకు కుదరదు?

చిన్న లెక్క వేద్దాం. ఇద్దరి మధ్య 10 ఎకరాల తగాదా. కొట్టుకుంటే పదిలో ఎనిమిదిసార్లు పెద్దాయనే గెలుస్తాడు, గెలిచినవాడికి మొత్తం దక్కుతుంది. అంటే సగటున పెద్దాయనకు 8 ఎకరాలు, చిన్నాయనకు 2. కానీ కొట్లాటకు ఖర్చుంది. తలా ఒక ఎకరం విలువ పోతుందనుకోండి. అప్పుడు పెద్దాయనకు నికరంగా మిగిలేది 7, చిన్నాయనకు 1.

ఇప్పుడు కొట్టుకోకుండానే 8, 2 చొప్పున పంచుకున్నారనుకోండి. ఇద్దరికీ చెరో ఎకరం లాభం! పెద్దాయన వాటా 7కీ 9కీ మధ్య ఎక్కడ తెగినా, కొట్లాట కంటే ఇద్దరికీ అదే మేలు.

ఈ లెక్కలో ఓ విచిత్రం ఉంది. పెద్దాయన ఇంకా బలవంతుడైతే ఏమవుతుంది? ఆయన వాటా పెరుగుతుంది, అంతే. కొట్లాట అవసరం మాత్రం పెరగదు. అంటే "పెద్ద దేశం కాబట్టి చిన్న దేశం మీద పడింది" అన్నది జవాబు కానే కాదు. బలం తేడా వాటాను మారుస్తుంది. బేరం చెడగొట్టేది వేరే ఏదో ఉంది.

అవేమిటో చూడాలంటే కాగితం మీది ఎకరాలు వదిలేసి, నిజంగా జరిగిన యుద్ధాల్లోకి వెళ్లాలి.

ముక్కలు ఎవరూ చూపించరు

1939 అక్టోబరు. సోవియట్ యూనియన్ జనాభా దాదాపు 17 కోట్లు. పక్కనే ఉన్న ఫిన్లాండ్ జనాభా 37 లక్షలు. లెనిన్‌గ్రాడ్ నగరానికి ఫిన్లాండ్ సరిహద్దు 32 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. స్టాలిన్ ఫిన్లాండ్ ప్రతినిధుల్ని మాస్కోకు పిలిపించి తన కోరికల జాబితా ముందు పెట్టాడు. కరేలియా భూసంధి దగ్గర సరిహద్దు వెనక్కి జరగాలి, సముద్రంలో కొన్ని దీవులు ఇవ్వాలి, హాంకో రేవు కౌలుకివ్వాలి, భూసంధిలో కట్టుకున్న కోటలు పడగొట్టాలి. బదులుగా వేరేచోట దాదాపు రెట్టింపు భూమి ఇస్తానన్నాడు.

ఫిన్లాండ్ కొద్దిగా సర్దుకుంటామంది కానీ, మొత్తానికి ఒప్పుకోలేదు. నవంబరు 26న సరిహద్దు గ్రామం మైనిలాలో తమ సైనికుల మీద గుండ్లు పడ్డాయని సోవియట్లు ఆరోపించారు. 30న దాడి మొదలైంది. మర్నాడే ఒట్టో కూసినెన్ అనే ఫిన్లాండ్ కమ్యూనిస్టు నాయకుడితో ఓ "ప్రజా ప్రభుత్వం" కూడా ప్రకటించేశారు. హెల్సింకీ ఎంతలో చేతికి చిక్కుతుందని స్టాలిన్ అనుకున్నాడో దీన్ని బట్టే అర్థమవుతుంది.

చిక్కలేదు. మోకాళ్ల లోతు మంచులో, స్కీలు వేసుకున్న ఫిన్లాండ్ సైనికులు సోవియట్ దళాల్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి దెబ్బ తీశారు. 1937, 38లలో స్టాలినే తన సైన్యంలోని అనుభవజ్ఞులైన అధికారుల్ని వేల సంఖ్యలో ఏరివేసుకున్న ఫలితం అప్పుడు బయటపడింది. యుద్ధం 105 రోజులు సాగింది. ఫిన్లాండ్ వైపు దాదాపు 25 వేల మంది, సోవియట్ వైపు లక్షా 20 వేల మందికి పైగా చనిపోయారు.

ఇక్కడ తప్పింది బలం లెక్క. చిన్న దేశం ఎంత గట్టిగా పోరాడుతుందో పెద్ద దేశానికి ముందు తెలియలేదు. "మరి ఫిన్లాండ్ ముందే చెప్పొచ్చుగా?" అంటారా? చెప్పింది. కానీ చివరిదాకా పోరాడతామని ఎవరు మాత్రం అనరు? బేరంలో ప్రతివాడూ తన బలం పెంచే చెబుతాడు. కాబట్టి నిజం చెప్పేవాడి మాట కూడా బ్లఫ్‌లాగే వినిపిస్తుంది. పోనీ రుజువులు చూపిద్దామా అంటే, ఎక్కడ ఎన్ని తుపాకులున్నాయో శత్రువుకే చెప్పినట్టవుతుంది. పేకాటలో ముక్కలు తిరగేసి చూపించి ఆడేవాడు ఎవడుంటాడు?

ఫియరన్ చెప్పిన మొదటి కారణం ఇదే. ఒకరి బలం, పట్టుదల ఇంకొకరికి తెలియవు. తెలియజేసే నమ్మకమైన దారీ లేదు. చివరికి తెలియజేసేది యుద్ధమే. 1940 మార్చిలో ఒప్పందం కుదిరినప్పుడు స్టాలిన్ ఆ కూసినెన్ ప్రభుత్వాన్ని పక్కన పడేసి, హెల్సింకీలోని అసలు ప్రభుత్వంతోనే సంతకాలు చేయించుకున్నాడు. 105 రోజుల్లో ఇద్దరికీ ఎదుటివాడి ముక్కలు కనిపించాయి. ఆ ఆట చూడ్డానికి లక్షన్నర ప్రాణాలు పోయాయి.

ఇవాళ గట్టు, రేపు బావి

ఆ ఒప్పందంలో ఫిన్లాండ్ తన భూమిలో దాదాపు పదో వంతు వదులుకుంది. అక్టోబరులో స్టాలిన్ అడిగిన దానికంటే ఇది ఎక్కువ. 4 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఈ ముక్క చదవగానే మన రెండో మెసేజ్ మళ్లీ గుర్తొస్తుంది. "చూశారా! అప్పుడే తగ్గి ఉంటే సరిపోయేది."

సరిపోయేదా? అదే నెలల్లో పక్క వీధిలో ఏం జరిగిందో చూడండి. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా మూడూ చిన్న దేశాలే. 1939 సెప్టెంబరు చివర్నుంచి అక్టోబరు మధ్యలోపు ఒక్కొక్కటీ సోవియట్ ఒత్తిడికి తలొగ్గి, తమ నేల మీద సోవియట్ సైనిక స్థావరాలకు ఒప్పుకున్నాయి. ఒప్పందాల్లో వాటి స్వాతంత్ర్యానికి హామీ కూడా ఉంది. 1940 జూన్‌లో సోవియట్ సైన్యం ఆ దేశాలను పూర్తిగా ఆక్రమించింది. ఆగస్టు వచ్చేసరికి మూడు దేశాలూ మ్యాప్ మీద లేవు, సోవియట్ యూనియన్‌లో కలిసిపోయాయి. మళ్లీ స్వతంత్ర దేశాలు కావడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదీ రెండో కారణం. అడిగినది ఇవ్వడం కష్టం కాదు. ఇచ్చాక ఇంకోటి అడగడని నమ్మడం కష్టం. ఫిన్లాండ్‌ను అడిగింది ఏదో ఓ మూల బీడు కాదు, తమను కాపాడుతున్న కోటలున్న నేల. అది ఇచ్చేస్తే రేపటి బేరంలో ఫిన్లాండ్ ఇంకా బలహీనమవుతుంది, స్టాలిన్ ఇంకా బలపడతాడు. ఇవాళ గట్టు ఇస్తే రేపు బావి అడగడని పూచీ ఎవరిది? ఊళ్లో అయితే పెద్దమనుషులున్నారు, స్టేషన్ ఉంది, కోర్టు ఉంది. దేశాల పైన అలా మాట నిలబెట్టించే పోలీసు ఎవరూ లేరు.

కాబట్టి ఈ లెక్కలో, ఓడిపోతామని తెలిసినా పోరాడటం పిచ్చితనం కాదు. తగ్గడానికి కూడా ఓ ఖరీదుంది. దాని బిల్లు కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే.

ఇదేదో పాత కథ అనుకోవద్దు. 1994లో బుడాపెస్ట్‌లో ఓ ఒప్పంద పత్రం మీద సంతకాలయ్యాయి. ఉక్రెయిన్ తన దగ్గర మిగిలిన సోవియట్ అణ్వాయుధాల్ని వదులుకుంటుంది, దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ మాటిస్తాయి. ఆయుధాలు వెళ్లిపోయాయి. 2014లో క్రిమియాను రష్యా కలిపేసుకుంది. 2022 ఫిబ్రవరి 24న పూర్తిస్థాయి దాడికి దిగింది. అక్కడ మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లలు పోలండ్, రొమేనియా, హంగరీ సరిహద్దుల దాకా ఎలాగోలా చేరి ఇల్లు చేరడం మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఉక్రెయిన్‌తో ఎవరైనా "సంతకం పెట్టు, ఇక అంతా శాంతే" అంటే, అది ముందు ఆ 1994 కాగితం తీసి చూపిస్తుంది.

ఖర్చు ఎవరి జేబులోంచి?

ఇంతవరకూ దేశాన్ని ఒక మనిషిలా చూశాం. "సోవియట్ అనుకుంది, ఫిన్లాండ్ కాదంది" అని. కానీ దేశం అనుకోదు. కుర్చీలో కూర్చున్న మనిషి అనుకుంటాడు. ఆయన లెక్క, దేశం లెక్క ఒకటి కాకపోవచ్చు. ఫియరన్ ఈ కోణాన్ని తన వ్యాసంలో ప్రస్తావించి పక్కన పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు దీని మీద చాలా పరిశోధన చేశారు. దీనికి మన ఇళ్లకు బాగా దగ్గరైన ఉదాహరణ కువైట్.

ఇరాన్‌తో ఎనిమిదేళ్లు యుద్ధం చేసి 1988లో బయటపడేసరికి ఇరాక్ అప్పుల్లో మునిగి ఉంది. ఒక్క కువైట్‌కే దాదాపు 1,400 కోట్ల డాలర్ల బాకీ. చమురు అమ్మి తీర్చుదామంటే 1990లో ధర పడిపోయింది. కువైట్ కోటాకు మించి చమురు తోడేస్తూ ధర పడగొడుతోందనీ, రుమైలా క్షేత్రంలో తమ చమురు దొంగిలిస్తోందనీ సద్దాం హుస్సేన్ ఆరోపించాడు. బ్యారెల్ ధర ఒక్క డాలర్ తగ్గితే ఏడాదికి 100 కోట్ల డాలర్లు నష్టమని లెక్క చెప్పాడు. అప్పు రద్దు చేయమన్నాడు, ఇంకా డబ్బు ఇమ్మన్నాడు. ఆగస్టు 1న జెద్దాలో చర్చలు విఫలమయ్యాయి. 2వ తేదీ తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దూరింది. రెండ్రోజుల్లో దేశం మొత్తం చేతికొచ్చింది.

అంటే ఫిన్లాండ్ విషయంలో స్టాలిన్ చేసిన తప్పు సద్దాం చేయలేదు. కువైట్ బలం సరిగ్గానే అంచనా వేశాడు. ఆయన లెక్క తప్పింది మూడో మనిషి దగ్గర. జులై 25న అమెరికా రాయబారి ఏప్రిల్ గ్లాస్పీ ఆయన్ను కలిసినప్పుడు, అరబ్ దేశాల సరిహద్దు తగాదాల్లో అమెరికా ఏ పక్షమూ తీసుకోదన్న అర్థంలో మాట్లాడింది. అది పచ్చజెండా ఊపడమేనా కాదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. చెడ్డ వార్త తెచ్చినవాడికి తల ఉంటుందో లేదో తెలియని దర్బారులో, "అయ్యా, అమెరికా వస్తుంది, మనం ఓడిపోతాం" అని సద్దాం మొహం మీద చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

అమెరికా నాయకత్వంలోని కూటమి 1991 జనవరి 17న వైమానిక దాడులు మొదలుపెట్టింది. ఫిబ్రవరి చివర్లో నేల మీద యుద్ధం 100 గంటల్లో ముగిసింది. వెనక్కి పోతూ ఇరాక్ సైన్యం 600కు పైగా చమురు బావులు తగలబెట్టింది.

మరి ఖర్చు ఎవరికి పడింది? సద్దాంకా? యుద్ధం ఓడాక కూడా ఆయన మరో 12 ఏళ్లు కుర్చీలోనే ఉన్నాడు. ఆంక్షల కింద మందులకూ తిండికీ కటకటలాడింది మామూలు ఇరాకీలు. కువైట్ నష్టానికి ఐక్యరాజ్యసమితి ఇరాక్ చమురు ఆదాయంలోంచి కోత విధించింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. చివరి వాయిదా కట్టింది 2022 జనవరిలో. అప్పటికి సద్దాంను ఉరి తీసి 15 ఏళ్లు దాటింది. దాడి జరిగిన ఆ ఆగస్టులో పుట్టిన ఇరాకీ బిడ్డకు 31 ఏళ్లు నిండాయి. తను పుట్టిన నెలలో ఎవరో చేసిన పనికి, బతికినంత కాలం తన దేశం వాయిదాలు కడుతూనే ఉంది.

బిల్లు అంతదూరం వెళ్లింది, మనదాకా కూడా వచ్చింది. కువైట్ నుంచీ ఇరాక్ నుంచీ లక్షా 70 వేల మంది దాకా భారతీయులు ఉన్నదంతా వదిలేసి తిరిగి రావాల్సి వచ్చింది. చాలామంది ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో విమానం ఎక్కారు. వాళ్లలో కడప వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ పనికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత ఏళ్లకు విదేశీ కార్మికులకు కూడా ఆ నిధి నుంచి పరిహారం అందింది. కానీ ఆ పంచాయితీలో వాళ్ల మాట ఎవరు అడిగారు?

ఇదీ మూడో కారణం. లాభం వస్తే నాయకుడికి, నష్టం వస్తే జనానికి అయితే, దేశానికి పనికిరాని యుద్ధం కూడా నాయకుడికి "రేషనల్" అయిపోతుంది.

ఈ లెక్క చెప్పనివి

ఈ థియరీకి కూడా పరిమితులున్నాయి. నాయకుడికి ఏం కావాలో తెలిస్తే ఏం చేస్తాడో చెబుతుంది కానీ, అది ఎందుకు కావాలో చెప్పదు. పక్క దేశం అసలు దేశమే కాదని నమ్మేవాడికి ఆ నమ్మకం ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పాలంటే చరిత్ర చదవాల్సిందే. పవిత్ర స్థలంలాంటి వాటిని ఎకరాల్లా చీల్చి పంచనూ లేం. ఇంకో ప్రమాదం ఉంది. అంతా అయ్యాక కూర్చుని ఏ దారుణానికైనా "ఆయన లెక్క ఆయనది" అని సర్దిచెప్పేయొచ్చు. ఒక దాడి వెనక లెక్క ఉందని చెప్పడం వేరు, ఆ దాడి న్యాయమని చెప్పడం వేరు.

కానీ ఈ లెక్కతో ఓ మేలుంది. యుద్ధాన్ని పిచ్చి అనుకుంటే చేసేదేమీ ఉండదు. లెక్క అనుకుంటే, ఏ అంకె మారిస్తే ఫలితం మారుతుందో వెతకొచ్చు. మన దగ్గరే ఉదాహరణ ఉంది. బంగాళాఖాతంలో సముద్ర సరిహద్దు మీద భారత్, బంగ్లాదేశ్ దశాబ్దాలు తగువులాడుకున్నాయి. 2014లో హేగ్‌లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తీర్పిస్తూ, వివాదంలో ఉన్న దాదాపు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,400కు పైగా బంగ్లాదేశ్‌కే ఇచ్చింది. భారత్ ఒప్పుకుంది. మరుసటి ఏడాది ఒకరి భూభాగంలో ఇంకొకరికి చిక్కుకుపోయిన 162 చిన్న చిన్న ప్రాంతాలను మార్చుకున్నారు. ఆ మార్పిడిలో పెద్ద దేశమైన మనమే దాదాపు 10 వేల ఎకరాలు ఎక్కువ ఇచ్చాం. ఒక్క తూటా పేలలేదు.

ఎందుకు కుదిరింది? వాటా ఎంతో తేల్చడానికి ఇద్దరూ ఒప్పుకున్న మూడో మనిషి ఉన్నాడు. ఇచ్చిన భూమి రేపటి దాడికి మెట్టు కాదు. "ఇవాళ గట్టు, రేపు బావి" అన్న భయం లేని చోట బేరం తెగింది.

కాబట్టి ఈసారి ఎక్కడైనా యుద్ధం మొదలై, ఆ రెండు మెసేజ్‌లూ మీ గ్రూపులోకి వస్తే, ఫార్వర్డ్ కొట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. దాడి చేసినవాడు ఎదుటివాడి బలాన్నీ, వాడి వెనక నిలబడేవాళ్లనీ ఎంత అనుకున్నాడు? చిన్న దేశం అడిగింది ఇచ్చేస్తే, రేపు ఇంకోటి అడగకుండా ఆపేది ఎవరు? ఇక మూడోది, టీవీ చర్చల్లో ఎవరూ అడగనిది: ఈ బిల్లు చివరికి ఎవరి పేరు మీద వస్తుంది, ఎన్నేళ్లు కడతారు?